చేను చేసిన నేరం లేదు

“ఏం పాపం చేసింటినో రా అబ్బీ, నాకొచ్చింది ఈ రోగం!”

కదిరి దగ్గర మా పల్లెలో, అరుగు మీద కూర్చొని మా పెద్దక్క అడిగిన మాట ఇది. రొమ్ములో గడ్డను పాపఫలమని భయపడి నెలల తరబడి కొంగు చాటున దాచుకుంది. ముప్పై ఏండ్లు పిల్లకాయలకు జీవశాస్త్రం చెప్పిన నాకు ఆ పొద్దు నోరు పెగల్లేదు.

భగవద్గీత పదమూడో అధ్యాయం శరీరాన్ని క్షేత్రమంటుంది. క్షేత్రమంటే చేను. శెనక్కాయ చేలో ఏటా కలుపు తీసిన అక్కకు చేను సంగతి నాకన్నా బాగా తెలుసు. అయితే కేన్సరు కణం ఎక్కడినుంచో వచ్చిపడిన కలుపు కాదు. మన విత్తనమే, మన చేలోనే దారి తప్పింది.

మంచి కణానికి కట్టుబాటుంది. పక్క కణం తగిలితే పెరగడం ఆపుతుంది. లోపలి డీఎన్‌ఏ రాత చెడితే దిద్దుకుంటుంది. దిద్దలేకపోతే తనంతట తానే రాలిపోతుంది. ఆ చావుకు 1972లో కెర్, వైలీ, కరీ అనే శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అపోప్టోసిస్. ఆకులు రాలడాన్ని చెప్పే గ్రీకు మాట అది. కేన్సరు కణం ఆగమన్నా ఆగదు, రాలమన్నా రాలదు. పక్క బావులు ఎండగొట్టే లోతు బోరులాగా రక్తనాళాలను తనవైపు తిప్పుకుంటుంది. రక్తంలో కొట్టుకుపోయి మరో అవయవంలో కాపురం పెడుతుంది.

ఇందులో పాపమెక్కడ? పాపానికి కర్త ఉండాలి, తెలిసి చేసిన పని ఉండాలి. కణం రెండయ్యేటప్పుడల్లా వందల కోట్ల అక్షరాల రాతకు నకలు తీయాలి. ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. అట్లాంటి తప్పులు ఏండ్లకేండ్లు పోగైతే కట్టు తెగుతుంది. పొగాకు ఆ తప్పులను పెంచుతుంది, కొన్ని పుట్టుకతోనే వస్తాయి. కారణం వేరు, శిక్ష వేరు. వాన పడకుంటే ఊర్లో ఎవరో పాపం చేసినారనేవాళ్లు మా పెద్దలు. పడమటి కనుమలు మబ్బులను అడ్డుకుంటే అనంతపురం రైతు చేసిన నేరమేముంది?

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అనే శాస్త్రజ్ఞుని అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆయన కారణం వెతికే దారి పట్టాడు. ఫోలిక్ ఆమ్లం మీద ఆయన బృందం చేసిన పని నుంచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు పుట్టాయి. 1948లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త కేన్సరును కొన్నాళ్లపాటైనా వెనక్కి తగ్గించి చూపాడు.

చికిత్సలో జుట్టు రాలినప్పుడు అక్క మళ్లీ అడిగింది: “దేవునికి నా మీద కోపమేమో?”

“దేవుని మనసు నాకు తెలీదక్కా. నీ కణాల్లో మాత్రం కోపం గుర్తు లేదు. మందు దెబ్బకు వెంట్రుక కుదుళ్లు సొలిసినాయి, అంతే.”

ఆమె నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

గడ్డ తగిలితే కదిరి నరసింహస్వామికి మొక్కుకోండి. ఆ పొద్దే డాక్టరుకూ చూపించుకోండి. దాచుకోవడానికి, సిగ్గుపడడానికి అందులో ఏమీ లేదు.