ఊపిరి తీసుకునే చోటు

రాత్రి అందరూ పడుకున్నాక చిన్న స్పీకరులో ట్రంపెట్ పెట్టుకుని వింటాను. ముందు ఒక్క ట్రంపెట్, వెనక ఆర్కెస్ట్రా. పాత క్రైస్తవ కీర్తనలే, కానీ పాడేవాళ్ళు ఎవరూ ఉండరు. గుంటూరులో మా లూథరన్ సంఘం క్వయర్‌లో ముప్ఫై ఏళ్ళు టెనర్ పాడినవాణ్ణి. కీర్తనకు మాటే ప్రాణమని నమ్మి పెరిగాను. అందుకే ఈ రికార్డింగుల ముందు కూర్చున్న ప్రతిసారీ ఒక ప్రశ్న వేధిస్తుంది. నేను ప్రార్థిస్తున్నానా, సంగీతం వింటున్నానా?

మా పాస్టరు గారిని అడిగితే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం తీయమన్నారు. ఆత్మతోనూ మనసుతోనూ పాడాలంటాడు పౌలు అక్కడ. అదే అధ్యాయంలో బూర మాట కూడా వస్తుంది. స్పష్టం కాని ధ్వని ఇచ్చే బూర వింటే యుద్ధానికి ఎవరు సిద్ధపడతారని అడుగుతాడు. కాబట్టి అర్థం లేని నాదం సంఘానికి పనికిరాదని పాస్టరు గారి తీర్పు. కాదనలేకపోయాను, ఒప్పుకోలేకపోయాను కూడా.

'అబైడ్ విత్ మి' సంగతే చూడండి. క్షయతో బాధపడి 1847లో కన్నుమూసిన హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ రాసిన పాట అది. మనమందరం ఎరిగిన స్వరాన్ని విలియం హెన్రీ మంక్ కట్టింది 1861లో. అంటే మాట రాసిన మనిషి ఈ స్వరం వినకుండానే పోయాడు. గాంధీజీకి ఇష్టమైన కీర్తన కావడంతో ఢిల్లీలో బీటింగ్ రిట్రీట్ నాడు సైనిక బ్యాండు ఏళ్ళ తరబడి వాయించింది. 2022లో తీసేశారు. ఆ సాయంత్రాల్లో విన్నవాళ్ళలో ఎక్కువమందికి మాటలు తెలియవు. అయినా పొద్దు గుంకుతోందనీ, ఎవరో ఎవరినో పిలుస్తున్నారనీ తెలియలేదంటారా?

ఈ చిక్కు నాకంటే ఎంతో ముందే క్రైస్తవ వేదాంతి అగస్టీన్‌కు ఎదురైంది. 'ఒప్పుకోలు' పదో భాగంలో, పాటలోని విషయం కంటే పాడే తీరే తనను ఎక్కువగా కదిలిస్తే అది పాపమేనని బాధపడతాడు. అదే మనిషి కీర్తనల గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ ఇంకో సంగతి చెబుతాడు. కోతల్లో, ద్రాక్షతోటల్లో పనిచేసేవాళ్ళు ముందు మాటలతోనే పాడతారు. సంతోషం పొంగేసరికి అక్షరాలు వదిలేసి ఉట్టి నాదంలోకి వెళ్ళిపోతారు. చెప్పనలవికాని దేవుణ్ణి స్తుతించడానికి ఆ మాటల్లేని నాదమే తగినదంటాడు. వరి నాట్లలో మా ఊరి ఆడవాళ్ళ పాట విన్నవాణ్ణి, ఆ వాక్యం చదివి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

తెలుగువాడిగా నాకు ఇంకో బాధ ఉంది. పురుషోత్తమ చౌదరి గారు మన రాగతాళాల్లో రాసిన కీర్తనల్లో మాట, స్వరం కలిసే నడుస్తాయి. పరాయి స్వరానికి కట్టిన అనువాదాలు అలా కాదు. లఘువు మీద పొడుగాటి స్వరం పడి హ్రస్వం దీర్ఘమైపోతుంది, ఒక మాట రెండుగా విరుగుతుంది. ట్రంపెట్ మీద వింటే ఆ విరుపు ఉండదు. నాకు తెలిసిన అర్థం ఆ స్వరంలో సుఖంగా సర్దుకుంటుంది.

అన్ని రికార్డింగులూ ఒకటి కావు. కొన్నింటిలో చివరి చరణానికి శ్రుతి అరమెట్టు పెంచి, వయొలిన్లన్నీ ఒక్కసారి పొంగించి, పెద్ద తాళాలు మోగిస్తారు. కన్నీళ్ళు వస్తాయి, అబద్ధమాడను. కానీ అగస్టీన్ భయపడింది అక్కడే. దేవుడి వైపు చూడాల్సిన పాట నా వైపు తిరిగి, నేను కదిలానా లేదా అని చూస్తున్నట్టుంటుంది.

రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) బ్యాండుల పద్ధతి వేరు. ఊదేవాడు కీర్తన మాటలు మనసులో పెట్టుకునే ఊదాలి. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో 2014 దాకా ప్రధాన ట్రంపెట్ వాయించిన ఫిలిప్ స్మిత్ ఆ రక్షణ సైన్యం కుటుంబంలో పెరిగినవాడే. కార్నెట్ వాయించే తండ్రే మొదటి గురువు. 'అబైడ్ విత్ మి' రెండో పాదం మధ్యలో మాటలకు ఒక విరామం ఉంది. స్వరాల కాగితంలో అది కనిపించదు. మాట తెలిసినవాడు అక్కడ వెంట్రుకవాసి ఆగుతాడు. తెలియనివాడు సాగిపోతాడు.

నేనది నేర్చుకున్నది మాత్రం రికార్డింగుల దగ్గర కాదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మ భూస్థాపన నాడు బ్యాండు పిలిచాం. ట్రంపెట్ వాయించే పెద్దాయన ముస్లిం. అమ్మకు ఇష్టమైన స్వరం 'అబైడ్ విత్ మి' అని చెప్తే, "చిన్నప్పట్నించీ వాయిస్తున్నా బాబూ, మాటలే రావు. ఏం అడుగుతారు అందులో?" అన్నాడు.

"చీకటి పడుతోంది, నా దగ్గరే ఉండమని అడుగుతారు సాయిబు గారూ."

కాసేపు ఊరుకుని, మాట ఎక్కడ తెగుతుందో పాడి చూపించమన్నాడు. ఇంటి ముందు, శవపేటిక పక్కనే, గొంతు పూడుకుపోతుంటే పాదం పాదం పాడి చూపించాను. సమాధుల తోట దాకా అదే వాయించాడు. చెరువు గట్టు మీద, ఆ రెండో పాదం మధ్యలో, ఆగాడు. క్వయర్‌లో నేను పాడిన ముప్ఫై ఏళ్ళలో ఆ మాట అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు.

మట్టి వేసి అందరూ వెళ్ళిపోతున్నారు. ట్రంపెట్‌లో చేరిన తడి దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"సరిగ్గానే ఆగానా బాబూ?"