ఔషధమున లేచిన మనస్సు

మందు మ్రింగగా లేచిన మనస్సు తనదా, మందుదా యను సందేహము, దీర్ఘకాలిక విషాదరోగమునుండి తేరుకొనుచున్నవానిని రోగమంత గాకున్నను తక్కువగా బాధింపదు. ఏండ్ల తరబడి అతడు ప్రొద్దుటిపూట మంచముపై కూర్చుండి, చొక్కా చేత పట్టుకొని, గుండీ పెట్టుటకు సైతము సంకల్పము పుట్టక, నీళ్లు చల్లారిపోవుచున్నవని ఇంటివారు కేకవేయుచున్నను కదలలేకపోయెను. వాడిన మందులు రెండు మూడు ఫలింపకపోగా వైద్యుడు, ఇది యింకను అందరు నంగీకరించిన చికిత్స కాదని ముందే చెప్పి, మిథైల్‌ఫెనిడేట్ అను ఉత్తేజకౌషధమును వానికి జోడించెను. కొన్నినాళ్లకు గుండీలు పెట్టుకొనుట యొక మహాకార్యముగా తోచుట మానినది. ఇంటివారు సంతసించిరి. అతడు మాత్రము "ఇది నేనేనా?" యని శంకించుచుండ, గీత చదువుకొనక ఈ మాత్రలేల యని బంధువొకడు ఆ శంకకు ఆజ్యము పోసెను.

ఆ బంధువునకు గీతయే సమాధానము చెప్పగలదు. అర్జునునకు నోరెండెను, మేను వణకెను, గాండీవము చేజారెను, తుదకు రథముపై కూలబడెను, అంతవరకు నిజమే. కాని అట్లు కూలబడినవాడు కులక్షయము మొదలు పిండోదకముల లోపము వరకు వరుస తప్పక వాదింపగలిగెను; పిమ్మట 17 అధ్యాయములు వినగలిగెను, నడుమ నడుమ అడ్డుపడి ప్రశ్నింపను గలిగెను. విషాదరోగి కోల్పోయినది సరిగా ఆ వినగల శక్తినే. పుట చివరికి వచ్చునప్పటికి మొదటి వాక్యము మరచువానికి బోధించుట చెవిటివాని ముందు శంఖమూదినట్లే యగును.

ఈ విషయమున ఉద్దాలకుడు మనకంటె దయాళువు. 12 ఏండ్లు వేదాధ్యయనము చేసివచ్చిన శ్వేతకేతువు, తండ్రియగు ఉద్దాలకుని యాజ్ఞచే 15 దినములు అన్నము మాని నీళ్లు మాత్రమే త్రాగి, ఋగ్యజుస్సామములు చెప్పుమన్నప్పుడు ఒక్కటియు స్ఫురింపలేదనెను. తండ్రి శ్రద్ధ చాలదని మందలింపలేదు, తిని రమ్మనెను. తిని వచ్చిన కుమారుడు అడిగినవన్నియు చెప్పగా, మనస్సు అన్నమయమని ఆ ఋషి నిరూపించినట్లు ఛాందోగ్యము చెప్పుచున్నది. సాంఖ్యులును వేదాంతులును మనస్సును జడప్రకృతి పక్షముననే చేర్చిరి. తమస్సుచే కప్పబడిన మనస్సు ఆత్మ కానట్లే రజస్సుచే కదలిన మనస్సును ఆత్మ కాదు. కావున రెంటిలో నేది అసలైన నేనని అడుగుటకు మన దర్శనములలో చోటు తక్కువ. (ప్రొద్దుట రెండు గ్లాసుల ఫిల్టరు కాఫీ పడనిదే జపమాల చేతికెత్తని భక్తులు మన యిండ్లలో లేకపోలేదు, వారినెవ్వరును ఈ ప్రశ్న యడుగలేదు.)

అయినను ఉత్తేజకము అన్నము కాదు. 1887లో రసాయనజ్ఞుడు ఎదెల్యాను తయారుచేసిన ఆంఫెటమిన్ అను ఉత్తేజకము, 1930ల దశకము చివర బెంజిడ్రిన్ అను పేర అమెరికాలో స్వల్పవిషాదమునకు సైతము వాడబడి, వ్యసనముగా వ్యాపింపగా, 1971 అంతర్జాతీయ ఒడంబడికయు, మన దేశమున 1985 నాటి చట్టమును ఈ జాతి మందులకు కళ్లెము వేసినవి. రజస్సు కర్మసంగముచే బంధించునని గీత పదునాలుగవ అధ్యాయమున చెప్పిన మాటకు ఇంతకంటె స్పష్టమైన చరిత్ర దొరకుట కష్టము.

హంగరీ గణితజ్ఞుడు పాల్ ఎర్డోష్ 1971లో తల్లి మరణించిన పిమ్మట విషాదమున మునిగి, ఈ జాతి మందులు ప్రారంభించెను. 1979లో మిత్రుడు రొనాల్డ్ గ్రాహం, నెల దినములు మానినచో 500 డాలర్లు ఇత్తునని పందెము కాయగా, ఆయన మాని గెలిచెను. కాని ఆ నెలయంతయు తెల్లకాగితము తెల్లకాగితముగానే మిగిలినదనియు, గణితశాస్త్రము నెల వెనుకబడినదనియు చెప్పి మరల మొదలుపెట్టెను. ఉత్తమోత్తమ నిరూపణలు దేవుని గ్రంథమొకదానియందు వ్రాయబడియున్నవని చమత్కరించెడి ఆ మహానుభావుని సిద్ధాంతములు ఆయనవా, మాత్రవా యని ఏ గణితజ్ఞుడును తగవులాడలేదు. నన్ను కలవరపెట్టునది తెల్లకాగితము. ఆ నెల తిరిగివచ్చినది పాత విషాదమా, లేక మందునకు అలవాటుపడిన దేహము చేసిన మారామా? బయటివారికే కాదు, అనుభవించువానికిని ఆ భేదము తెలియుట దుర్లభము.

పతంజలి ఈ చిక్కును ఎరిగినట్లున్నాడు. యోగసూత్రములలో కైవల్యపాదము మొదటి సూత్రముననే సిద్ధికి కారణములు చెప్పుచు జన్మము, మంత్రము, తపస్సు, సమాధులతోపాటు ఓషధిని గూడ నిస్సంకోచముగా చేర్చెను. కొన్ని సూత్రముల పిమ్మట మాత్రము, వానిలో ధ్యానమున పుట్టిన చిత్తమొక్కటియే ఆశయము (కర్మవాసన) లేనిదనెను. అనగా ఓషధి లేపిన చిత్తము లేచుట యథార్థము, వెనుక వాసన మిగుల్చుటయు యథార్థము. మోతాదు పెంపుమని రోగి యడిగినపుడు మంచి వైద్యుడు వెంటనే కలము తీయక, నాడి చూచి, రక్తపుపోటు కొలిచి, నిద్ర యెట్లున్నది, ఆకలి యున్నదా, ఊరక యెగసిపడు ఉత్సాహమేమైన పొడసూపినదా యని ఇంటివారిని సైతము అడుగును. ఆ యడుగుటలో ఆయన వెదకునది, పేరు వేరైనను, పతంజలి చెప్పిన ఆశయమునేయని నాకు తోచుచున్నది.