అధికారి, విషయం, ప్రయోజనం: పరిశోధన ప్రవేశాల్లో ఒక నైతిక ప్రశ్న

శాస్త్రగ్రంథారంభంలో అనుబంధ చతుష్టయాన్ని నిరూపించడం భారతీయ సంప్రదాయం. అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగూ తేలిన తరువాతనే అధ్యయనం మొదలవుతుంది. తెలుగు శాఖల పిహెచ్.డి. ప్రవేశాలను ఈ దృష్టితో పరిశీలిస్తే ఒక నైతిక ప్రశ్న ఎదురవుతుంది. పట్టా ప్రయోజనాన్ని స్పష్టంగా చెప్పలేని వ్యవస్థ విద్యార్థి యౌవనంలోని అయిదారేళ్లను కోరడం న్యాయమా?

ముందుగా ప్రయోజనం. విశ్వవిద్యాలయాల్లో సహాయాచార్య పదవికి 2021 జులై 1 నుంచి పిహెచ్.డి. తప్పనిసరి అని యు.జి.సి. 2018 నిబంధనలు విధించాయి. ఆ గడువు 2023 జులై 1కి వాయిదా పడింది. చివరకు అదే తేదీ నుంచి అమలైన సవరణ నెట్, సెట్, స్లెట్‌లలో ఏదో ఒకదాన్ని కనీసార్హత చేసి, పిహెచ్.డి.ని ఐచ్ఛికంగా మిగిల్చింది. పదవి కోసమే చేరినవారికి పట్టా విలువ ఒక్క ఉత్తర్వుతో మారిపోయింది. వారు సేకరించిన సామగ్రి, చేసిన నిర్ధారణల విలువ మారలేదు. ఈ రెండు విలువలను ఒకటిగా భావించడమే చిక్కుకు మూలం.

తరువాతిది అధికారి నిర్ణయం. 2024-25 నుంచి జె.ఆర్.ఎఫ్. లేకుండా నెట్ ద్వారా పిహెచ్.డి.కి అర్హులైనవారి ఎంపికలో నెట్ మార్కులకు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం ప్రాధాన్యం ఉంది. నెట్‌లోని 150 బహుళైచ్ఛిక ప్రశ్నలు పఠనవిస్తృతిని, జ్ఞాపకశక్తిని కొలుస్తాయి. అభ్యర్థి తానుగా వేయగల ప్రశ్నను కొలవలేవు. అందరికీ ఒకే కొలమానం పక్షపాతాన్ని తగ్గిస్తుందన్న వాదనలో బలముంది. పరిచయాలు లేని మొదటితరం విద్యార్థికి అది రక్షణ. అయితే విషయాన్ని విచారించకుండా అధికారిని నిర్ణయిస్తే ఆ రక్షణ గుమ్మం దాటి లోపలికి రాదు.

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని యాప్రాల్ నుంచి అదే జిల్లాలోని బాచుపల్లికి, తెలుగు విశ్వవిద్యాలయంలో చదవడానికి వెళ్లే విద్యార్థికి ఆ సంస్థ పేరే ఒక పాఠం. 1985లో స్థాపితమైన ఆ సంస్థకు 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. సురవరం డాక్టరేటు లేకుండానే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రచించారు; ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మరోవైపు, ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు డాక్టరేటుకై చేసిన పరిశోధన జానపద గేయసాహిత్యానికి విశ్వవిద్యాలయంలో స్థానం కల్పించింది. పట్టా ఉన్నచోటా లేనిచోటా కృషిని నడిపించింది ప్రశ్నే. ఆ ప్రశ్నకు గ్రంథాలయాన్ని, పర్యవేక్షణను, పరీక్షకుల విమర్శను సమకూర్చడమే పట్టా వ్యవస్థ చేయగల మేలు.

కనుక పట్టా విలువ చతుష్టయంలోని 'సంబంధం'పై ఆధారపడి ఉంది. ప్రవేశమంటే ఉభయులూ చేసే ప్రతిజ్ఞ. ఉద్యోగానికి హామీ లేదని ముందే చెప్పడం, విషయాన్ని శ్రద్ధగా విచారించడం, చేరిన తరువాత పర్యవేక్షణకు సమయమివ్వడం శాఖ ధర్మం. ఆ ధర్మం పాటించని శాఖకు విద్యార్థి సంవత్సరాలను కోరే అధికారం లేదు.