గంజాయి - ధర్మవిచారణ

శివుని పేరిట గంజాయిని సమర్థించువారు కొందరు కలరు. దేవుని పేరు చెప్పినంతమాత్రమున మత్తు భక్తి కానేరదు. ఇష్టలింగమును అరచేత నుంచుకొని దృష్టి నిలుపవలసినవానికి మత్తెక్కిన కన్ను ఎట్లు ఉపకరించును?

అయినను శాసనము దీనిని తూచిన తీరు విచారణీయము. 1893-94లో ఆంగ్లప్రభుత్వము నియమించిన సంఘము, మితసేవనమువలన చెప్పుకోదగిన హాని లేదనియు, పూర్తి నిషేధము తగదనియు తేల్చెను. 1985 నాటి చట్టము పూగుత్తులను, జిగురును నిషేధించి, వట్టి ఆకును విడిచిపెట్టెను. ఒకే మొక్క! ఆకు భంగు, పువ్వు నేరము.

ఎదుగు వయసున నిత్యము పీల్చువారికి జ్ఞాపకశక్తి సన్నగిల్లును. కొందరికి చిత్తభ్రమయు కలుగును. మేలును లేకపోలేదు. ఈ మొక్కనుండి తీసిన కన్నబిడియోల్ అను మందును పిల్లల మొండి మూర్ఛలకు 2018లో అమెరికా ఆమోదించెను. కాని మందునకు అనుమతి వేరు, చిలుమునకు అనుమతి వేరు. కెనడా అదే ఏట పెద్దలకు అమ్మకమును అనుమతించెను. సారాకొట్టు కూల్చిన కాపురములను చూచినవారు అట్టి అంగడిని మన వీధిలో కోరరు.

అయితే చెరసాల ఎవరికి? విశాఖ మన్యమున మూట మోయు కూలికి. సరుకు 20 కిలోలు మించినచో కనీసశిక్ష 10 ఏండ్లు. పెట్టుబడిదారుడు తరచు తప్పుకొనును. కొద్దిపాటి సరుకుతో చిక్కిన వ్యసనపరుడు స్వయముగా చికిత్సకు పూనుకొన్నచో అభియోగమునుండి తప్పించు వీలు ఆ చట్టమునందే 64ఏ విభాగమున కలదు. కొడుకు చిక్కిన తల్లిదండ్రులు న్యాయవాదిని ముందుగా అడుగవలసినది దానినే.