కాఫీలో కష్టజీవి పాలెంత?

పేదవానికి తోడ్పడుట పుణ్యకార్యమని ఎల్లరును అంగీకరింతురు. అయితే తోడ్పాటు పొందినవాడు పదేండ్ల పిమ్మట కూడ తోడ్పడినవాని గుమ్మముననే నిలిచియున్నచో, ఆ తోడ్పాటును ఏమని పిలువవలెను? దీనిని విచారించుటకు మన తూర్పు కనుమలలోనే ఒక చక్కని నిదర్శనము కలదు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములలో వేలకొలది గిరిజన కుటుంబములు చిన్నచిన్న తోటలలో కాఫీ పండించుచున్నవి. పూర్వము కొండవాలున అడవిని నరికి, కాల్చి, పోడు వ్యవసాయము చేసెడివారు. కాలక్రమమున వానకు పైమన్ను కొట్టుకొనిపోయి భూమి నిస్సారమయ్యెడిది. కాఫీ నీడను కోరు మొక్క. పైన సిల్వర్ ఓకు, దాని మ్రానును పట్టుకొని ప్రాకు మిరియపు తీగ, క్రింద కాఫీ, నేలపై రాలి కుళ్ళిన ఆకు - ఇదియే అరకు తోట. (ఒక్క సిల్వర్ ఓకునే నాటి అడవి పెంచితిమనుట సరికాదు, పనసవంటి నాటు చెట్లును ఉండవలెను.) చెట్టు నిలిచినగాని పంట నిలువదు. కావున అడవిని కాపాడుమని ఆ రైతునకు వేరుగా నీతి బోధింప పనిలేదు.

చిక్కంతయు పంట చేతికి వచ్చిన తరువాతనే. విదేశములవారు మెచ్చు కాఫీకి ఎర్రగా పండిన పండ్లనే ఏరి కోయవలెను. ఒకే చెట్టునకు నాలుగైదు మారులు పోవలసియుండును. కోసిననాడే తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఎత్తైన బల్లలపై ఆరబెట్టవలెను. సుమారు 5, 6 కిలోల పండ్లకు ఒక్క కిలో గింజ దక్కును. ఇంత ఓపిక ఎవరికుండును? వానకాలమున బియ్యమునకై షావుకారువద్ద ముందుగా సొమ్ము తీసుకొన్నవానికి ఉండదు. వాడు పచ్చికాయను పండును కలిపి ఒక్కమారే దూసి అప్పు తీర్చుకొనును. పరదేశమున కప్పులోని రుచికిని ఇచ్చటి అప్పునకును ఇంతటి సంబంధమున్నది. మెలకువలు నేర్పువారు ముందు ఈ అప్పు సంగతి విచారింపనిచో శిక్షణ తరగతులన్నియు వ్యర్థములే.

1942 నాటి కాఫీ చట్టముక్రింద పంటను కాఫీ బోర్డునకే అప్పగించు ఏర్పాటుండెడిది. 1996 నాటికి ఆ కట్టు పూర్తిగా తొలగినది. పెద్ద తోటల యజమానికి అది స్వేచ్ఛ. ఎకరము రైతునకు మాత్రము సంతలోని దళారి. ఈ లోటును కొంతవరకు గిరిజన సహకార సంస్థ కొనుగోళ్ళును, నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో ఏర్పడిన రైతుల సహకార సంఘమును పూరించినవి. 2017లో పారిస్ నగరమున అరకు పేరుతోనే కాఫీ దుకాణము తెరువబడినది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇవి మెచ్చదగినవే.

అయినను ఒక్క ప్రశ్న మిగులును. సేంద్రియ పంట అను ధ్రువపత్రమును ఒంటరి రైతు భరింపలేడు. ఖర్చు అధికము, పైగా తోట మారుటకు మూడేండ్లు వేచియుండవలెను. అందుచేత వందలాది రైతులను జట్టుకట్టి ఒకే పత్రము తెచ్చెదరు. ఆ పత్రము రైతుల సంఘము పేరిట ఉన్నదా, కొనువాని పేరిట ఉన్నదా? కొనువాని పేరిట ఉన్నచో, రేపు మంచి ధర యిచ్చు మరియొకనికి అమ్మబోవు రైతు చేతిలో గింజలుండును గాని "సేంద్రియము" అను మాట ఉండదు. ఎరువు మోసినది తాను, పేరు వేరొకనిది! గిరిజనులు ఎగుమతి కాగితములు, విదేశీ ఉత్తరప్రత్యుత్తరములు నడపగలరా అని కొందరు సందేహింతురు. నేర్పకపూర్వము ఎవరు నడపగలిగిరి? ఆ గ్రామముల యువకులు కాఫీ రుచిచూచి తరగతి నిర్ణయించుటయు, లెక్క వ్రాయుటయు నేర్చుకొనగలవారే.

దానమున ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద. బసవేశ్వరుని దాసోహ భావమున ఇచ్చువాడే దాసుడు. కాయకము చేసినవానికి ముట్టునది భిక్ష కాదు, వాని పాలు. ఆ దృష్టితో చూచినచో ధర నిర్ణయించు బల్లవద్ద రైతునకు ఆసనముండుట ఉపకారము కాదు, బాకీ తీర్చుట.

2025లో అరకు ప్రాంతమున బెర్రీ బోరర్ అను కాయతొలుచు పురుగు కనబడినది. సోకిన కాయలను ఏరి నాశనము చేయనిచో అది పొరుగు తోటలకు ప్రాకును. అనగా కొందరు తమ పంటను పోగొట్టుకొని ఎల్లరి పంటను, అరకు పేరును కాపాడవలసియున్నది. ఆ నష్టపు బరువు ప్రభుత్వముతో పాటు ఆ పేరుతో లాభించు కొనుగోలుదారులును, నిలిచిన తోటల వారును పంచుకొనవలసినదే. ఎవరు ఎంత భరింతురో కొనుగోలు ఒప్పందములోనే, కోత మొదలుగాకమునుపే, సంఘపు సభలో వ్రాసికొనవలెను.