పెరట్లో ముంగిస వాటా

సికింద్రాబాద్‌లో మారేడుపల్లి, సైనిక్‌పురి, బొల్లారం వైపు ఇంకా కొన్ని పాత ఇళ్లు మిగిలి ఉన్నాయి. వాటి ప్రహరీ గోడల అడుగున వాన నీళ్లు పోవడానికి వదిలిన తూములుంటాయి. ఎండ కాస్త ఎక్కి, వాకిట్లో సందడి తగ్గాక ఆ తూములోంచి ముందుగా ఒక సన్నటి మూతి బయటికొస్తుంది. వెనకే బూడిదరంగు ఒళ్లు, దాదాపు ఒంటంత పొడవున్న తోక. ముంగిస వెనక కాళ్ల మీద లేచి నిలబడి ఒకసారి నాలుగు వైపులా చూస్తుంది. తర్వాత పొట్ట నేలకు తగిలేంతగా వంగి గోడ వారనే నడుస్తుంది. మామిడి చెట్టు కింద రాలిన ఆకుల్ని ముందు కాళ్లతో గీకి పురుగుల్ని ఏరుకుంటుంది. ఖాళీ జాగా దాటాల్సి వస్తే మాత్రం ఒక్క పరుగే. చూసిన ఇల్లాలు పిల్లల్ని పిలిచి చూపిస్తుంది. ముంగిస కనిపిస్తే మంచి జరుగుతుందని తెలుగువాళ్ల నమ్మకం.

అలాంటి ఇల్లు ఒకటి పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టినప్పుడు తూము పోతుంది. నీళ్లు భూమిలోని పైపులోకి వెళతాయి, పైపు నోటికి జాలీ బిగిస్తారు. గోడ నుంచి గోడ దాకా గచ్చు, దాని మీద కార్లు. శుభశకునం నడిచే దారి మూసుకుపోతుంది. మూసినవాళ్లలో ఎవరికీ ముంగిస మీద కోపం లేదు. దాని సంగతే ఎవరికీ తట్టదు.

స్థలం కొన్నవాడి దస్తావేజులో నాలుగు హద్దులూ రాసి ఉంటాయి. ఆ హద్దుల మధ్య తరతరాలుగా బొరియ చేసుకుని బతికే ప్రాణి ఊసు అందులో ఉండదు. దానికి గృహస్థు ఏమైనా బాకీ పడ్డాడా? పడి ఉంటే ఏం చెల్లించాలి? తిండా, పూజా, చోటా?

బాకీ ఉందని ధర్మశాస్త్రాలు దాపరికం లేకుండానే చెప్పాయి. మనుస్మృతి మూడో అధ్యాయం ప్రతి ఇంట్లోనూ ఐదు హింసాస్థానాలున్నాయంటుంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలూ రోకలి, నీళ్ల కుండ. ఎంత సాత్వికంగా బతికే ఇంట్లోనైనా వీటి కింద చీమలో పురుగులో రోజూ చస్తూనే ఉంటాయి. ఆ పాపానికి పరిహారంగా పంచ మహాయజ్ఞాలు విధించారు. అందులో భూతయజ్ఞం ఒకటి. వండిన దాంట్లోంచి కొంత తీసి కుక్కలకూ కాకులకూ పురుగులకూ నేల మీద పెట్టాలి. ఇల్లు నడవాలంటే హింస తప్పదని ఒప్పుకుని, దాని లెక్క ఏరోజుకారోజు చూసుకోమనడం ఈ ఏర్పాటులోని నిజాయితీ.

ఆ జాబితా రాసిన కాలంలో ఇంటి హింస పొయ్యి చుట్టూ, వాకిలి చుట్టూ తిరిగేది. ఈనాటి ఇంటికి మరికొన్ని హింసాస్థానాలు చేరాయి. వానపాములకు ఊపిరాడనివ్వని గచ్చు ఒకటి. ఎలుకల మందు ఇంకొకటి. బజార్లో దొరికే బ్రోమడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి, లోపల్లోపల రక్తం కారి, కొన్ని రోజుల మీద చస్తుంది. ఆ రోజుల్లో అది మందకొడిగా తిరుగుతూ సులువుగా చిక్కుతుంది. దాన్ని పట్టి తిన్న గుడ్లగూబ ఒంట్లోకి, ముంగిస ఒంట్లోకి అదే మందు వెళుతుంది. ఎలుకల్ని ఉచితంగా పట్టిపెట్టే ప్రాణినే ఇల్లు చంపుకుంటుంది.

మహాభారతంలో ఆశ్వమేధిక పర్వం చివర ఈ బాకీ గురించి ఒక ముంగిసే వచ్చి మాట్లాడుతుంది. ధర్మరాజు యాగం పూర్తయింది. దానాలు అందుకున్నవాళ్లు వేనోళ్ల పొగుడుతున్నారు. అప్పుడు ఒంట్లో సగం బంగారంలా మెరిసే ముంగిస అక్కడికొచ్చి, ఈ యజ్ఞం కురుక్షేత్రంలోని ఒక పేదవాడి పేలపిండికి సాటిరాదని అందరి ముందూ అంటుంది. ఆ పేదవాడు కోసిన పొలాల్లో రాలిన గింజలు ఏరుకుని బతికేవాడు. కరవు రోజుల్లో ఓ పూట కాసిని యవలు దొరికితే పిండి చేసుకుని తాను, భార్య, కొడుకు, కోడలు నాలుగు వాటాలు వేసుకున్నారు. నోట పెట్టుకోబోతుండగా అతిథి వచ్చాడు. ఇంటాయన తన వాటా ఇచ్చాడు, ఆకలి తీరలేదు. ఇల్లాలు ఇచ్చింది, కొడుకు ఇచ్చాడు, చివరికి కోడలూ ఇచ్చింది. అతిథిగా వచ్చిన ధర్మదేవత వాళ్లను స్వర్గానికి పంపాక, అక్కడి బొరియలో ఉండే ముంగిస బయటికొచ్చి ఆ పిండి రాలిన తడి నేల మీద దొర్లింది. తలా, సగం ఒళ్లూ బంగారమయ్యాయి. మిగతా సగం కోసం యజ్ఞశాలలన్నీ తిరిగినా ఫలితం లేకపోయింది.

ఈ కథను దానం గొప్పతనం చెప్పడానికి వాడతారు. అందులో ఒక చిన్న సంగతి ఎవరి దృష్టికీ అంతగా రాదు. ఆ పేదవాడి ఇంటి దగ్గర ముంగిసకు బొరియ ఉంది. దాన్ని ఎవరూ పెంచలేదు, ఎవరూ తరమనూ లేదు. ఆ ఇంటి ధర్మానికి మిగిలిన ఏకైక సాక్షి అదే. అది చెప్పిన తీర్పులో కొలత కూడా స్పష్టంగానే ఉంది. ధర్మరాజు యాగానికి ఖర్చు పెట్టిన ధనం హిమాలయాల్లో మరుత్త మహారాజు వదిలిపోయిన నిధి నుంచి తవ్వి తెచ్చింది. పేదవాడు పెట్టింది తన నోటి దగ్గరి ముద్ద. తన వాటాలోంచి తగ్గించుకుని ఇచ్చినదే ముంగిస లెక్కలో దానం.

ఈ కొలత పట్టుకుని నేటి పెరట్లోకి వస్తే చాలా అలవాట్లు తేలిపోతాయి. మిగిలిన అన్నం గోడవతల పారబోసి భూతదయ అనుకోవడం వాటిలో మొదటిది. ఆ అన్నానికి ఎలుకలు, ఎలుకల వెనక పాములు వస్తాయి. ముంగిసకు మన అన్నం అక్కర్లేదు. ఎలుకలు, బల్లులు, తేళ్లు, పేడపురుగులు, గుడ్లు, రాలిన పండ్లు, అన్నిటినీ అదే వెతుక్కుంటుంది. దానికి కావలసింది తవ్వుకోవడానికి కాస్త మట్టి, దాక్కోవడానికి ఒక పొద, ఒక పెరడు నుంచి ఇంకో పెరట్లోకి దారి. అంటే చోటు. నగరంలో గజం నేల కూడా డబ్బే కాబట్టి, ఇంటాయనకు నిజంగా తరుగు వచ్చే దానం అదొక్కటే.

పూజ సంగతీ ఇంతే. నాగులచవితికి, నాగపంచమికి పాముకు పాలు పోయడం తెలిసిందే. పాము పాలు తాగే ప్రాణి కాదు, వాటిని అరిగించుకునే శక్తి దాని పొట్టకు లేదు. పండగ రోజున బుట్టలో వచ్చే నాగుపాము పాలు తాగుతోందంటే, దాన్ని అంతకుముందు రోజుల తరబడి నీళ్లు లేకుండా ఎండగట్టి ఉంటారు. కోరలు పీకి, మూతి కుట్టిన పాముల్ని కూడా అటవీ శాఖ, పాముల సంరక్షకులు హైదరాబాద్ వీధుల్లో స్వాధీనం చేసుకున్నారు. ముంగిస గతి కూడా మెరుగ్గా లేదు. శుభశకునం అనుకునే దేశంలోనే దాని వెంట్రుకలతో చిత్రకారుల కుంచెలు చేసి అమ్మారు. వన్యప్రాణి నేరాల నియంత్రణ విభాగం 2019లో ‘ఆపరేషన్ క్లీన్ ఆర్ట్’ పేరుతో దేశమంతటా దాడులు చేయాల్సి వచ్చింది. దండం పెట్టే చెయ్యి ఆ ప్రాణికి ఏం కావాలో కనుక్కోకపోతే, ఆ దండం వల్ల దానికి ఒరిగేదేమీ లేదు.

ఇది ఒక్క మన దేశపు జబ్బు కాదు. బ్రిటన్‌లో ఇళ్ల తోటల్లోకి రాత్రిపూట హెడ్జ్‌హాగ్ వస్తుంది. ఒంటి నిండా ముళ్లు, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. దాని దక్షిణాది చుట్టం ఒకటి తమిళనాడు మెట్టభూముల్లోనూ, కేరళ, ఆంధ్రప్రదేశ్‌లలో కొన్నిచోట్లా ఉంది. బ్రిటిష్ ఇళ్లవాళ్లు ఎన్నో ఏళ్లు దానికి ప్రేమగా పాలలో రొట్టె వేసి పెట్టేవారు. అది పాలు తాగి విరేచనాలతో చిక్కిపోయేది. 1982లో ఏర్పడిన బ్రిటిష్ హెడ్జ్‌హాగ్ ప్రిజర్వేషన్ సొసైటీ లాంటి సంస్థలు ఆ అలవాటు మానమని చెబుతూ వచ్చాయి. 2011లో ఆ సొసైటీ మరో సంస్థతో కలిసి ‘హెడ్జ్‌హాగ్ స్ట్రీట్’ ఉద్యమం మొదలుపెట్టింది. వాళ్లు ఇరుగుపొరుగును అడిగింది మామూలు పని. కంచె అడుగున 13 సెంటీమీటర్ల పొడవు, 13 సెంటీమీటర్ల వెడల్పుతో ఒక కన్నం. ఒక్క ఇంటివాడు తీస్తే చాలదు, అవతలి ఇంటివాడూ తీయాలి. ఒకే రాత్రి కిలోమీటరుకు పైగా తిరిగే ప్రాణికి ఒక తోట సరిపోదు గనుక పుణ్యం అక్కడ వీధి మొత్తానిదీ అయింది. మారేడుపల్లి పాత గోడలకు ఉన్న తూము ఎవరూ ఉద్యమం చేయకుండానే ఆ పని చేసింది.

ప్రాణుల్ని బతకనివ్వాలన్న మాటను అశోకుడు రాజశాసనంగానే చెప్పాడు. అయిదో స్తంభ శాసనంలో చంపకూడని ప్రాణుల పట్టిక ఉంది. అందులో హంసలు, గబ్బిలాలు, తాబేళ్లు, ముళ్లపందులు, ఉడుతలు కనిపిస్తాయి. ప్రాణులున్న పొట్టును తగలబెట్టకూడదని కూడా అందులోనే ఉంది. చలికాలం చివర, ఎండాకాలం మొదట్లో సికింద్రాబాద్ సందుల్లో రాలిన ఆకుల్ని గోడ మూలకు ఊడ్చి నిప్పు పెడతారు. ఆ కుప్పలో తొండలుంటాయి, కప్పలుంటాయి, జెర్రులుంటాయి. ఇరవై రెండు శతాబ్దాల కిందటి ఆజ్ఞకు ఈ వీధుల్లో ఇంకా పని ఉంది.

ఇస్లాం సంప్రదాయంలోనూ ఇదే తూకం కనిపిస్తుంది. ప్రవక్త చెప్పినట్లుగా ఒక హదీసు ఉంది. పిల్లిని కట్టేసి, తిండీ పెట్టక, నేల మీది పురుగూ పుట్రా తిని బతకమని వదలనూ వదలక చంపిన స్త్రీ నరకానికి పోయింది. ఆమె ముందు రెండు దారులున్నాయి, పోషించడం లేదా వదిలెయ్యడం. అడవి ప్రాణి విషయంలో ఆ రెండోదే మనిషి చేతిలో ఉన్న మేలు.

అయితే దయకు ఒక చిక్కు ఉంది. దాన్ని దాటవేసే హక్కు ఏ ధార్మికుడికీ లేదు. దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారని అంచనా. వారిలో అత్యధికులు పల్లెవాళ్లు, పొలాల్లో పనిచేసేవాళ్లు. నగరంలో కూడా ఆకుల కుప్పలో చెయ్యి పెట్టేది బంగళా యజమాని కాదు, తోటమాలి. చీకట్లో చెప్పుల్లేకుండా గేటు తీసేది వాచ్‌మన్. యజమాని భూతదయకు ఖరీదు వాళ్లు చెల్లిస్తే, అది పక్కవాడి కంచంలోంచి తీసి అతిథికి పెట్టడమే. అందుకే పెరట్లో పొద ఉంచదలచినవాడు ముందు తోటమాలికి చేతితొడుగులూ బూట్లూ, వాచ్‌మన్‌కు మంచి టార్చిలైటూ కొనివ్వాలి. పొదను నడిచే దారికి దూరంగా, వెనక మూలన ఉంచాలి. పాము ఇంట్లోకి వస్తే కర్ర వెతక్కుండా ఫోను చేయాలి. 1995లో మొదలై సైనిక్‌పురి కేంద్రంగా పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ జంటనగరాల్లో ఏటా వేల పాముల్ని ఇళ్ల నుంచి పట్టి అడవికి చేరుస్తోంది. కొట్టి చంపడానికీ పాలు పోసి మొక్కడానికీ మధ్య మూడో దారి ఈ ఊళ్లోనే ఉంది.

దోమకు మాత్రం ఎవరూ చోటివ్వరు, ఇవ్వకూడదు కూడా. 1897 ఆగస్టు 20న ఇక్కడి బేగంపేటలోనే రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ తర్వాత నిలవ నీటిని పారబోయడం కూడా గృహస్థు ధర్మంలో భాగమైంది. పిట్టలకీ ముంగిసకీ పెట్టే నీళ్ల మూకుడును రెండు రోజులకోసారి బోర్లించి తోమాలి. అహింసకు గీత ఎక్కడ గీయాలన్నది శాస్త్రం ఒక్కసారి చెప్పి ఊరుకుంటే తేలేది కాదు, ప్రతి ఇంట్లోనూ తెలివిడితో మళ్లీ గీసుకోవాల్సిందే.

ముంగిసకు చోటు దాని సొంత గడ్డ మీద ఇవ్వాలన్నది కూడా మరవకూడదు. 1872లో చెరకు తోటల్లో ఎలుకల్ని తినిపించడానికి కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసల్ని జమైకాకు తీసుకెళ్లారు. 1883లో ఆ సంతతి హవాయి దీవులకు చేరింది. అక్కడ నేల మీద గూళ్లు పెట్టే పక్షుల గుడ్లను అవి తుడిచిపెట్టేశాయి. మనిషి తన లాభం కోసం తరలించిన చోట అదే ప్రాణి శాపమైంది. సికింద్రాబాద్ బండరాళ్ల మధ్య, ఎలుకా పామూ తేలూ కూడా పుట్టి పెరిగిన నేల మీద, అది సరిగ్గా తన పని చేసుకుపోతుంది.

కాబట్టి ఇక మాట్లాడాల్సింది అపార్ట్‌మెంట్ సంఘాలతో. ఒక్క కారు నిలిపే జాగా దాదాపు పన్నెండు చదరపు మీటర్లు. ఒక ఆవరణలో అంత నేలను గచ్చు చేయకుండా వెనక గోడ పక్కన వదిలేసి, నాలుగు రాళ్లు పేర్చి, ఒక గోరింట పొద నాటి, గోడ అడుగున ఒక తూము తీస్తే, అటువైపు ఆవరణవాళ్లు కూడా ఒప్పుకుంటే, ముంగిసకు వీధి పొడవునా దారి దొరుకుతుంది. ఎలుకల మందు కొనే బదులు చెత్త డబ్బాలకు మూతలు వేయించవచ్చు. ఆకుల్ని తగలబెట్టే బదులు గుంట తీసి ఎరువు చేయవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ ఉత్తి పుణ్యానికి రాదు. పార్కింగు ఒకటి తగ్గుతుంది, నెలవారీ చందా కొంత పెరుగుతుంది, పక్క ఆవరణవాళ్లతో రెండుసార్లు మాట్లాడాల్సి వస్తుంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో సెల్లారు లీకేజీ, లిఫ్టు మరమ్మతు తర్వాత ఈ అంశాన్ని కూడా ఎజెండాలో చేర్చమని అడిగేవాళ్లు ప్రతి భవనంలోనూ ఒకరైనా ఉండాలి. ఆ అడిగేవాళ్లు తమకు కేటాయించిన పార్కింగునే ముందుగా వదులుకోవడానికి సిద్ధపడితే మిగతావాళ్లను ఒప్పించడం తేలికవుతుంది.