ఒడిలోని బిడ్డకు ఏ పుస్తకము?



పొలమునకు విత్తనములు కొనునప్పుడు మనము ఎంత జాగ్రత్తగా చూతుము! గింజలను అరచేతిలో పోసికొని, పుచ్చు ఉన్నదేమోయని ఊది చూచి, పండించినవారిని అడిగి, అటుపిమ్మటనే మూట కట్టుదుము. అయితే బిడ్డకు బొమ్మల పుస్తకము కొనునప్పుడు అట్టి పరీక్ష ఏమియు చేయము. రంగులు మెరయుచున్న దానినొకటి తీసి, వెల అడిగి, సంచిలో వేసికొందుము. మేమును అట్లే చేసితిమి. దానివలన మేము నేర్చుకొనిన పాఠమును ఈ నెల మీతో పంచుకొనుచున్నాము.

మా మనుమరాలికి మూడేండ్లు నిండకమునుపు ఒక బొమ్మల కథల పుస్తకము కొంటిమి. రాత్రి భోజనమైన పిమ్మట పాపను ఒడిలో కూర్చుండబెట్టుకొని చదువుచుంటిమి. ఆ పుస్తకములో రాజకుమార్తె తెల్లనిది, ఆమె తల్లి తెల్లనిది, మంచివారందరును తెల్లనివారే. దొంగ మాత్రము నల్లనివాడు. కథ సగములో పాప ఆ దొంగమీద వ్రేలు పెట్టి, ఎంతో సంతోషముతో "నాన్న!" అనెను. పొలమునుండి వచ్చి కాళ్లు కడుగుకొనుచున్న మా కుమారుడు ఆ మాట విని నవ్వెను. మేము నవ్వలేకపోతిమి.

పాపయందు తప్పేమియు లేదు. తనకు ప్రియమైన రంగును ఆ పుటలో చూచి పిలిచినది. అయితే ఇట్టి పుస్తకములు పది చదివిన తరువాత ఆమె ఏమి నేర్చుకొనును? తన తండ్రి రంగు దొంగ రంగు అనియు, అద్దములో కనబడు తన ముఖము మంచివారి ముఖము కాదనియు నేర్చుకొనును గదా! ఆ మాట మేము నోటితో ఎన్నడును చెప్పియుండము. కాని మా ఒడిలోనే, మా గొంతుతోనే ఆ పాఠము ఆమెకు అందుచుండెను.

"పసిబిడ్డకు అంత ఆలోచన ఎక్కడిది? చివరకు దొంగ పట్టుబడెను, కథలో నీతి యున్నది, చాలదా?" అని కొందరందురు. మేమును కొంతకాలము అట్లే తలంచితిమి. అయితే చివరనున్న నీతి పసిబిడ్డకు అందదు. బొమ్మ ముందుగా అందును. మనము అక్షరములు చదువుచుండగా బిడ్డ బొమ్మను చదువుచుండును. మనము పుట త్రిప్పబోగా చేయి అడ్డుపెట్టి ఇంకను చూచుచుండును. పెద్దవారు విన్నదానిని శంకింపగలరు; ఒడిలోని బిడ్డ శంకింపదు. అంతగా నమ్మినవారికి అబద్ధము చూపుట చిన్న తప్పు కాదు.

ఈ సంగతి చాలకాలము క్రిందటనే గ్రహించిన దైవజనుడొకడు కలడు. 1592లో మొరావియా దేశమందు పుట్టిన కొమేనియస్, సహోదరుల సంఘమునకు బిషప్పుగా నుండెను. యుద్ధకాలములో స్వదేశము విడువవలసివచ్చెను. 1656లో పోలెండులోని లెష్నో పట్టణము తగులబడినప్పుడు ఆయన ఇల్లును, ఎన్నో ఏండ్లు వ్రాసిన వ్రాతప్రతులును కాలిపోయెను. 1658లో నూరెంబర్గు పట్టణమందు ఆయన చేసిన పిల్లల బొమ్మల పుస్తకము అచ్చయ్యెను. దాని అక్షరమాల కాకి అరుపుతో మొదలగును. లోపల దుక్కి దున్నువాడు, రొట్టెలు కాల్చువాడు, పశువుల కాపరి, తేనెపట్టు కనబడుదురు. అంత పోగొట్టుకొనినవాడు పిల్లలకు చూపగోరినది లోకములో నిజముగా నున్నవాటినే. మన ప్రభువును కాకులను చూపి, అడవి పువ్వులను చూపి బోధించెను గదా!

అట్లయిన ఏ పుస్తకము ఎంచుకొనవలెను? పుట్టిన క్రొత్తలో బిడ్డకు సుమారు జానెడు దూరమునందున్నదే బాగుగా కనబడును గనుక, ముదురు రంగులతో పుటకు ఒక్క పెద్ద బొమ్మ చాలును. నెలల బిడ్డ పుస్తకమును నోట పెట్టుకొనును గనుక దళసరి అట్ట పుటలు మేలు. ఏడాది దాటినవారికి కోడిపిల్లలు, బిందె, ఎద్దు, అవ్వ వంటి తామెరిగినవి కావలెను. రెండు మూడేండ్లవారికి ఒకే మాట మరల మరల వచ్చు చిన్న కథ ఇష్టము.

ఈ కొలతలకంటె ముఖ్యమైన ప్రశ్నలు మూడు కలవు. చర్మపు రంగు చూచియే ఇందులో చెడ్డవాడెవడో చెప్పగలమా? చెడ్డవాడు కథలో ఉండవచ్చును గాని, అతని క్రియయే అతనిని చూపవలెను. కష్టపడు చేతులకు, మన యిండ్లవంటి యిండ్లకు ఇందులో గౌరవమున్నదా? ఇది బిడ్డను బెదిరించి లోబరచునదా? బైబిలు బొమ్మల పుస్తకమునుకూడ ఇట్లే పరీక్షింపవలెను. యూదయ దేశపు ఎండలో నడచిన శిష్యులను తెల్లగాను, ఇస్కరియోతు యూదాను మాత్రము నల్లగాను చిత్రించిన బొమ్మలు మనము చూడలేదా?

మంచి పుస్తకములు దొరకకపోలేదు. 1957లో స్థాపింపబడిన నేషనల్ బుక్ ట్రస్టు, 2004లో ఆరంభమైన ప్రథమ్ బుక్స్ తెలుగులోను బొమ్మల పుస్తకములు ప్రచురించినవి. కొనలేనివారు చేసికొనవచ్చును. మేము పాత క్యాలెండర్లలోని, పత్రికలలోని బొమ్మలు కత్తిరించి, అట్టముక్కలపై అంటించి, దారముతో కుట్టితిమి. అక్షరములు రావని ఏ తల్లియు, ఏ అవ్వయు వెనుదీయవద్దు. బొమ్మ చూపి మాటలాడుటకు అక్షరములు అక్కరలేదు. తిమోతి విశ్వాసమును తలంచిన పౌలు అతని అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను పేరుపెట్టి జ్ఞాపకము చేసికొనెను.

మేము కుట్టిన పుస్తకములో ఒక పుటయందు నల్లని రైతు ఒకడు ఎద్దులతో దున్నుచున్నాడు. పాప దానిమీద వ్రేలు పెట్టి మరల "నాన్న!" అనెను. ఈసారి మేమును నవ్వితిమి. ప్రియులారా, ఈ రాత్రి మీ బిడ్డకు పుస్తకము తెరచుటకు ముందు, ఒక్కసారి ఆ బిడ్డ కన్నులతో దానిని చూడుడి.